ఆశా మంచినీళ్లు తాగిన ఇల్లు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పిన పాఠాల్లో ఎన్ని ఎవరికి పనికొచ్చాయో చెప్పలేను గానీ, ఒక పాఠం వల్ల ఒక కాపురం వీధిన పడబోయిందని మాత్రం ఖాయంగా చెప్పగలను. ఆ పాఠం పైనుంచి ఎవరో పంపింది కాదు. నేనే కూర్చుని రాశాను, రాసి మురిసిపోయాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలూ అబ్బాయిలూ మా గొప్పలు ఎలాగూ వీడ్కోలు సభల్లో వింటారు. అందుకని మీకు నేను ఆ తప్పు గురించి చెబుతాను.

రాజమండ్రిలో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సిలర్‌గా చేరాను. చివరి కొన్నేళ్లు చుట్టుపక్కల ఊళ్ల ఆశా కార్యకర్తలకి శిక్షణ ఇచ్చాను. రిటైరయ్యాను అంటే మా ఆయన నవ్వుతారు. కాంట్రాక్టు ఉద్యోగానికి రిటైర్మెంటేంటి, రెన్యూ చెయ్యలేదు అనాలి అంటారు. సరే, రెన్యూ చెయ్యలేదు.

ఆశా అంటే ఊళ్లో ఎవరు నెల తప్పారో, ఏ బిడ్డకి ఏ టీకా పడాలో ఇంటింటికీ తిరిగి చూసుకునే మనిషి. ఆ ఊరి కోడలో కూతురో అయి ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణి ఒప్పుకుంటేనే ఆ సంగతి ఆశాకి చెబుతాం. ఆ తర్వాత ఆశా పని రెండు రకాలు. రోజూ మాత్ర వేసుకునేలా చూడాలి, విషయం మూడో మనిషికి తెలియకుండా చూడాలి. కడుపుతో ఉన్నన్నాళ్లూ తల్లి మాత్ర మానకుండా వేసుకుంటే బిడ్డకి సోకకుండా కాపాడుకోవచ్చు. మధ్యలో మానేస్తే ఆ భరోసా ఉండదు. ఈ కథకి ఇంత వైద్యం చాలు.

శిక్షణలో నాకొక జోడీ ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న, అక్కా అని పిలిచేవాడు. చాలా ఏళ్లుగా హెచ్‌ఐవీతో బతుకుతున్నవాడు. ఆ సంగతి మొదటిరోజు క్లాసులో చెప్పేవాడు కాదు. పొద్దున్నే పెద్ద ఫ్లాస్కు పట్టుకొచ్చి, గాజు గ్లాసుల్లో తనే టీ పోసి అందరికీ అందించి, "పంచదార సరిపోయిందాండి?" అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. రెండోరోజు మధ్యాహ్నం, వైరస్ ఎలా సోకదు అన్న పాఠం వచ్చినప్పుడు లేచి నిలబడేవాడు. "నిన్నటినుంచి మీరంతా నా చేతి టీ నాలుగుసార్లు తాగారండి. నాకు హెచ్‌ఐవీ ఉందండి. ఇప్పుడు ఐదోసారి పోస్తున్నాను. ఎవరెవరికి కావాలి?" అనేవాడు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు. కాసేపటికి ఎవరో ఒకరు చెయ్యి చాపేవారు.

నిడదవోలు బ్యాచ్‌లో అలా మొదట చెయ్యి చాపిన మనిషి గురించే ఇదంతా. నలభై దాటిన ఆశా. భర్త రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. ఆవిడ గ్లాసు ముందుకు పెట్టి, "నాకు పొయ్యండి. పంచదార మాత్రం ఇంకో రెండు చెంచాలు ఎక్కువెయ్యండి బాబూ, నిన్నటినుంచీ చప్పగా ఏడుత్తుంది మీ టీ" అంది. హాలంతా ఘొల్లుమంది. మా జోడీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ నవ్వులు విని నాకు మహా ఉత్సాహం వచ్చింది. ఆ సాయంత్రమే కూర్చుని, ఆశాలు నింపాల్సిన కాగితంలో కొత్త వరస చేర్చాను. 'హెచ్‌ఐవీ ఉన్నవారి ఇంటికి వెళ్లినప్పుడు మంచినీళ్లు గానీ కాఫీ గానీ అడిగి తాగారా? అవును, కాదు.' మర్నాడు క్లాసులో, "ధైర్యం చెప్పడానికి వంద మాటలక్కర్లేదు, వాళ్ల చేతి మంచినీళ్లు తాగి రండి చాలు" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. మా జోడీ బాగుందక్కా అన్నాడు. ఆఫీసులో పెద్దాయన భేష్ అన్నారు. తర్వాత జంగారెడ్డిగూడెం బ్యాచ్‌కీ అదే కాగితం, అదే ఉపన్యాసం.

ఆ ఆశాది నిడదవోలుకి దగ్గర్లో కాలవ పక్కన ఊరు. ఊరి మధ్యలో రైతుల ఇళ్లుండే పెద్దవీధి, ఊరి చివర కాలనీ. ఆవిడ ఉండేది కాలనీలో. పెద్దవీధిలో ఎవరింటికెళ్లినా అరుగు కిందే నిలబడి మాట్లాడి వచ్చేసేది. వాళ్లు లోపలికి రమ్మనేవారు కాదు, ఆవిడ వెళ్లేది కాదు. ఆవిడ సంచిలో ఆవిడ నీళ్ల సీసా ఉండేది. అంతా మర్యాదగానే జరిగిపోయేది. నేనూ అలాంటి వీధిలోనే పుట్టి పెరిగాను. అక్కడ ఎవరు ఎక్కడదాకా వస్తారో నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా పాఠం రాసేటప్పుడు అది నా బుర్రకి తట్టలేదు. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఆ పెద్దవీధి మధ్యలో ఒక రైతు కుటుంబం. కోడలికి ఇరవై మూడేళ్లు, తొలి కాన్పు. ఐదో నెలలో చేసిన పరీక్షలో బయటపడింది. భర్తకి కూడా ఉంది. ఎవరినుంచి ఎవరికి అని మేం అడగం, మీరూ అడక్కండి. ఇద్దరూ మాత్రలు మొదలుపెట్టారు. అత్తగారికి తెలీదు. తెలిస్తే పుట్టింటికి పంపేస్తారని ఆ అమ్మాయి భయం. నెలకోసారి రాజమండ్రి వచ్చి మాత్రలు తీసుకెళ్లాలి. ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్నారని ఇంట్లో చెప్పి వచ్చేది.

మా ఆశా నా పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఏనాడూ అరుగు ఎక్కని మనిషి, అత్తగారు ఇంట్లో లేని వేళ చూసుకుని, ఆ ఒక్క ఇంట్లో వంటగది దాకా వెళ్లి, ఆ అమ్మాయి చేతి మంచినీళ్లు తాగి, కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేది. నాలుగుసార్లు వెళ్లింది, నాలుగు కాగితాల్లో 'అవును' అని టిక్కు పెట్టింది. ఆ టిక్కులు చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

వేసవిలో ఒక పొద్దున్న ఫోనొచ్చింది. "మేడమ్ గారండి, కొంప ములిగిపోయిందండి" అంది ఆశా. ఆవిడ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

జరిగింది ఇది. ఆ అమ్మాయి వాళ్ల ఎదురింట్లో ఒక మామ్మగారు ఉన్నారు. వీధిలో ఎవరు ఏ గుమ్మం ఎక్కారో ఆవిడకి తెలియనిది లేదు. ఈ ఆశా ఆ ఇంట్లోకి పదేపదే వెళ్లడం చూసింది. ఇంతలో జంగారెడ్డిగూడెం వైపునుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఎవరో, "మా ఊళ్లోనూ ఇంతేనండి, ఆశా ఎవరింట్లో మంచినీళ్లు తాగితే వాళ్లకి ఆ పెద్ద జబ్బున్నట్టంట, పైనుంచి అలా ఆర్డరంట" అని ఆవిడ చెవిన వేశారు. పైనుంచి అంటే నేనే. మామ్మగారు తిన్నగా రోడ్డు దాటి వెళ్లి అత్తగారిని అడిగేసింది. "ఏంటొదినా, మీ ఇంట్లో ఎవరికి బాగాలేదు?"

అత్తగారు కోడల్ని ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. ఆశాని మాత్రం గేటు దగ్గరే ఆపి, "ఇంక మా ఇంటికి రావద్దమ్మా" అన్నారు. కోడలితో, "రక్తం తక్కువైతే బీట్‌రూట్ తిందువుగాని, రాజమండ్రీ వద్దు, గీజమండ్రీ వద్దు" అన్నారు. ఆ అమ్మాయి బాత్‌రూంలోంచి ఆశాకి ఫోన్ చేసి గుసగుసగా చెప్పిన మాట ఒక్కటే. "ఇంకా ఆరు మాత్రలే ఉన్నాయండి." ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్. భర్త పని మీద పైఊరు వెళ్లి ఉన్నాడు. అప్పటికి ఎనిమిదో నెల.

నేను చెప్పులేసుకుని జీపు కోసం పరుగెత్తబోయాను. మా జోడీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు ఆఫీసు జీపులో వెళ్లి ఆ గేటు ముందు దిగితే ఇంక టముకు వెయ్యక్కర్లేదు."

"మరేం చెయ్యమంటావురా?"

వాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత మెల్లగా, "మన క్లాసులో టీ నేను అందరికీ పోశాను కదక్కా. అందుకే నేనెవరో ఎవరికీ తెలీలేదు. నువ్వేమో ఒక్కింట్లోనే తాగమని రాశావు" అన్నాడు.

"ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా!" అని వాడి మీద అరిచాను. "అప్పుడు నాకూ తట్టలేదక్కా" అన్నాడు. ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది, స్పీకర్‌లో. అవతల ఆశా ఇదంతా వింటోందని మేం మర్చిపోయాం.

"అయితే అందరిళ్లల్లోనూ తాగేత్తానండి" అంది ఆవిడ.

"వీధిలో ఎన్నిళ్లున్నాయమ్మా?"

"ముప్పై నాలుగండి."

"ముప్పై నాలుగిళ్లల్లో మంచినీళ్లా!"

"ఆయ్. ఎండ కూడా బాగానే ఉంది కదండి."

ఇన్నేళ్లూ అడగని మనిషి ఇవాళ ఎందుకు అడుగుతోందంటే ఏం చెబుతావు అన్నాను. అది నేను చూసుకుంటానండి అంది.

మర్నాడు నేను బస్సెక్కి ఆ ఊరు వెళ్లి, వీధి మొదట్లో ఉన్న అంగన్వాడీలో ఒక రిజిస్టర్ ముందేసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా మొదటి ఇంటి ముందు నిలబడింది. పక్కింటికి కూడా వినపడేలా, "కాసిని మంచినీళ్లు ఇప్పించండమ్మా. నాకు సుగరొచ్చిందంటండి. గొంతు పిడచకట్టుకుపోతందండి" అంది. నేను రిజిస్టర్ మూసేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడకి సుగరూ లేదు, గిగరూ లేదు. ఇంకొకళ్ల జబ్బు దాచడానికి తనొక జబ్బు తెచ్చుకుంది.

ఆ ఇంటి ఇల్లాలు ఒక్క క్షణం తడబడి లోపలికెళ్లి, పారేసే ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు తెచ్చింది. ఆశా తాగి, దండం పెట్టి, పక్కింటికి వెళ్లింది. అక్కడ ఫ్రిజ్‌లో సీసా ఇచ్చి ఉంచేసుకో అన్నారు. ఇంకో ఇంట్లో స్టీలు గ్లాసు. మరో ఇంట్లో చెంబుతో ఎత్తినుంచి పోస్తే దోసిలి పట్టి తాగింది. తర్వాత ఆ సంగతి చెబుతూ ఆవిడ నవ్వింది గానీ, నాకు నవ్వు రాలేదు. కొన్ని ఇళ్లల్లో వాళ్లకే మొహమాటమేసి, "అయ్యో, ఎండలో నిలబడ్డావే, అరుగెక్కి కూర్చో" అన్నారు.

పద్దెనిమిదోది మామ్మగారిల్లు. అక్కడ జరిగిన సంభాషణ మా ఆశా ఆ తర్వాత నాకు ఎన్నిసార్లు నటించి చూపించిందో లెక్కలేదు.

"నీకు సుగరేంటే? ఎంతుంది?"

"రెండొందల ఎనభై అండి మామ్మగారూ."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, నాకంటే ఎక్కువే!"

ఇరవై ఏళ్లుగా సుగర్ మాత్రలు మింగుతున్న మామ్మగారికి ఆ వీధిలో తన బాధ చెప్పుకోవడానికి సరైన మనిషి ఇన్నాళ్లకి దొరికింది. తనే లేచెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి, ఆశాని అరుగు మీద కూర్చోబెట్టి, మెంతులు ఎన్ని నానబెట్టాలో, కాకరకాయ ఎలా ఉడకబెట్టాలో అరగంట చెప్పింది. చివర్లో, "అందుకా ఎదురింటికెళ్లి నీళ్లు తాగుతున్నావు! చెప్పి చావొచ్చుగా, నేను ఏదేదో అనుకుని పాపం ఆవిడ్ని అడిగేశాను" అంది.

పంతొమ్మిదోది ఎదురిల్లు. అత్తగారు పొద్దున్నించీ గేటు దగ్గరే నిలబడి వీధంతా చూస్తున్నారు. మా ఆశా అందరిళ్ల ముందు ఆగినట్టే అరుగు కింద ఆగింది. ఆవిడేం అడగకముందే అత్తగారు లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చారు. ఆశా తాగి గ్లాసు ఇచ్చేస్తూ అసలు సంగతి ఎత్తింది.

"మీ వీధిలో కడుపుతో ఉన్నోళ్లు ముగ్గురున్నారండి. ఎల్లుండి ముగ్గుర్నీ రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్తన్నానండి, స్కానింగుకి."

"ముగ్గుర్నీనా?"

"ముగ్గుర్నీనండి. మీ కోడలొక్కతే అయితే మీరు పంపొద్దులెండి."

అత్తగారు మిగతా ఇద్దరి ఇళ్లవైపు ఒకసారి చూశారట. తర్వాత, "ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నారు.

ఇరవై మూడో ఇంటి తర్వాత మా ఆశా అంగన్వాడీలోకి పరుగున వచ్చి, నన్ను పలకరించకుండా నేరుగా బాత్‌రూంకి వెళ్లింది. బయటికొచ్చి గోడకి చేరగిలబడి, "ఇంకా పదకొండిళ్లున్నాయండి. రేపు పొద్దున్న చేత్తాను, ఇయ్యాలకి నా వల్ల కాదు" అంది. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. ఆవిడ కంగారుపడి, "ఊరుకోండి మేడమ్ గారూ, మీకు మంచినీళ్లు తెమ్మంటారా?" అంది. ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసుకుని పగలబడి నవ్వాం.

ఆ అబద్ధానికి ఆవిడ చాలా కాలం శిక్ష అనుభవించింది. ఆ రోజునుంచి పెద్దవీధిలో ఆవిడకి టీలు ఇవ్వడం మొదలైంది, కానీ ఒక్కరూ పంచదార వెయ్యలేదు. మామ్మగారు మెంతులు నానబెట్టిన నీళ్లు తయారుగా ఉంచేది, ఎదురుగా కూర్చోబెట్టి తాగించేది.

ముగ్గురు గర్భిణులూ అన్నట్టుగానే రాజమండ్రి వచ్చారు. మిగతా ఇద్దరూ స్కానింగు దగ్గర కూర్చుంటే, ఆ అమ్మాయి మందుల గది దగ్గరికి వచ్చి డబ్బా తీసుకుంది. పాత డబ్బాలో మూడు మాత్రలు మిగిలున్నాయి. వరండాలో బెంచీ మీద పక్కన కూర్చుని నేను ఆమెకి క్షమాపణ చెప్పాను. మంచినీళ్లు తాగమని రాసింది నేనేనమ్మా, ముందూవెనకా చూసుకోలేదు, ఆ వరస ఇవాళే కొట్టేస్తాను అన్నాను.

"కొట్టెయ్యకండి" అంది.

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి తల దించుకునే చెప్పింది. "పరీక్షలో తెలిసినప్పటినుంచీ నా కంచం, గ్లాసు నేనే వేరు చేసుకున్నానండి. కడుపుతో ఉన్నాను కదా, వేరే గిన్నెల వాసన పడట్లేదని అత్తయ్యగారికి అబద్ధం చెప్పాను. మా ఆయనకి కూడా నా చేత్తో నీళ్లు ఇచ్చేదాన్ని కాదు. మాత్రలు కూడా రెండ్రోజులు వేసుకుని మానేశానండి, ఎందుకులే అనిపించి. ఆ రోజు ఆవిడ వంటగదిలోకొచ్చి నా గ్లాసే తీసుకుని, నా బిందెలో ముంచుకుని తాగేశారండి. ఆ రాత్రి మళ్లీ మాత్ర వేసుకున్నాను."

ఆ పొద్దున్న ఇంటినుంచి బయల్దేరేటప్పుడు అత్తగారు డబ్బాలో అన్నం కట్టిచ్చి, "నీ మాత్రలు మర్చిపోకుండా తెచ్చుకో" అన్నారట. ఏ మాత్రలో అనలేదు. ఆవిడకి ఎంత తెలుసో ఆ అమ్మాయికీ తెలీదు, నాకూ తెలీదు. ఆ తర్వాత ప్రతి నెలా ఆవిడే గుర్తుచేసి పంపించారు.

నెల తర్వాత పాప పుట్టింది. పుట్టగానే చుక్కల మందు, ఆరువారాలకి పరీక్ష, తర్వాత ఇంకా రెండు. మూడింటిలోనూ ఏమీ లేదని వచ్చింది. అయినా పద్దెనిమిది నెలలు నిండాక చేసే ఆఖరి పరీక్ష అయ్యేదాకా మేం సంతోషపడటానికి భయపడతాం. తల్లులు ఇంకా భయపడతారు. పిల్లకి జ్వరమొస్తే చాలు, ఈ అమ్మాయి మా ఆశాకి ఫోన్ చేసి ఏడ్చేది.

ఆ ఆఖరి పరీక్ష రోజునే నా ఆఖరి క్లాసు పడింది. మా ఆశా తల్లీపిల్లల్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. నేను ఊరు చెప్పకుండా ఈ తప్పంతా కొత్త ఆశాలకి చెప్పాను. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "అయితే ఇప్పుడు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగమంటారా, వద్దంటారా మేడమ్?" అంది. మా ఆశా ఒకసారి నాతో అన్న మాటే చెప్పాను. ముందు పక్కింట్లో తాగు, తర్వాత ఆ ఇంటికెళ్లి తప్పకుండా తాగు అన్నాను. ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆశా నంబరే, కానీ మాట్లాడుతోంది ఆ తల్లి. వెనకాల పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఏమైందమ్మా? పాపెందుకు అలా ఏడుస్తోంది?"

"సూది గుచ్చారండి, దానికి." ఆ అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "ఏం లేదంటండి పాపకి. ఇదే ఆఖరంటండి. ఇంక గుచ్చక్కర్లేదంటండి మేడమ్, ఇంకెప్పుడూ గుచ్చక్కర్లేదంట."